సాన్ ఎలియాస్‌లో స్పానిష్ వినపడని రోజు

మా తమ్ముడు రుఫీనో బడిలో కడుపు పట్టుకుని వంగిపోయిన రోజుకి వాడికి ఎనిమిదేళ్లు, నాకు పది. నొప్పిగా ఉంది, ఇంటికి పోతానని వాడు మా అయూక్ భాషలో అడిగాడు. ఎవోదియో పంతులు బెత్తంతో బల్ల మీద కొట్టి, "క్రైస్తవుల్లా మాట్లాడు," అన్నాడు. క్రైస్తవులంటే ఆయన దృష్టిలో స్పానిష్ మాట్లాడేవాళ్లు. మిగతావాళ్లం గొడ్లం. స్పానిష్‌లో కడుపుని ఏమంటారో రుఫీనోకి తెలియదు. మళ్లీ అయూక్‌లోనే అడిగాడు. పంతులు వాణ్ని గది మూల మొక్కజొన్న గింజల మీద మోకాళ్లు వేయించాడు. మధ్యాహ్నం బడి వదిలేదాకా వాడు అక్కడే ఉన్నాడు.

నాకు ఆ మాట తెలుసు. ఇది మీకు ముందే చెప్పెయ్యాలి, లేకపోతే నేను పెద్ద వీరుణ్నని అనుకుంటారు. సంతలో ఎవరో అంటుంటే విన్నాను. లేచి ఆ ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు. తప్పు పలికితే నన్నూ గింజల మీద మోకాళ్లు వేయిస్తాడని నోరు మూసుకున్నాను. సాయంత్రానికి తమ్ముడి ఒళ్లు పెనంలా కాలిపోయింది. అప్పట్లో మా కొండకి రోడ్డు లేదు. నాన్నా, చిన్నాన్నా వాణ్ని దుప్పట్లో వేసుకుని డాక్టరున్న ఊరికి దిగారు. మర్నాడు అదే దుప్పట్లో శవాన్ని మోసుకొచ్చారు.

అప్పట్నుంచి నా దగ్గర ఒక వాక్యం ఉండిపోయింది. "నా తమ్ముణ్ని చంపింది నువ్వు. వాడి పేరు రుఫీనో." ఎప్పటికైనా ఆ మనిషి మొహం మీద, ఆయనకి అర్థమయ్యేలా, స్పానిష్‌లో అనాలి. నేను స్పానిష్ శుభ్రంగా నేర్చుకున్నది ఆ ఒక్క వాక్యం కోసం. నవ్వకండి. మీలో కొందరు టీచరు ఉద్యోగాల కోసం నేర్చుకున్నారు, ఇంకొందరు కాఫీ గిడ్డంగుల్లో యజమానితో కూలి మాట్లాడ్డానికి నేర్చుకున్నారు. నేను పగ కోసం నేర్చుకున్నాను.

నలభై ఏళ్లు గడిచాయి. ఎవోదియో పంతులు ఒక్కో మెట్టూ ఎక్కి మా కొండల్లో ముప్ఫై బళ్ల మీద ఇన్‌స్పెక్టరయ్యాడు. మేమూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇంటికో మనిషి చొప్పున ఊరుమ్మడి పనికి దిగి, మట్టి ఇటుకలు కోసి నాలుగు గదుల బడి కట్టాం. మా ఊరి పిల్ల లెయోబార్దా పట్నంలో టీచరు చదువు ముగించుకుని తిరిగొచ్చి, చిన్నపిల్లలకి ముందు అయూక్‌లో చదువూ రాతా, ఆ తర్వాతే స్పానిష్, అని నేర్పడం మొదలుపెట్టింది. చట్టం ఒప్పుకున్న బడే అది, దొంగతనంగా పెట్టుకున్నది కాదు. ఐదేళ్లు నడిచింది. పొద్దున్నే గంట వినగానే మొక్కజొన్న చేలో దాక్కునే పిల్లలు గంట కంటే ముందే గుమ్మం దగ్గరుండేవాళ్లు.

పోయిన అక్టోబరులో ఎవోదియో ఆఫీసు మనుషులు ఇద్దరు ఫారాలు పట్టుకుని ఇంటింటికీ వచ్చారు. మీ పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగారు. మా ఆడవాళ్లు ఏమన్నారో తెలుసా? స్పానిషేనండీ, అన్నారు. ఇంటింటా అదే జవాబు. పక్కన చంటివాడు రొట్టె కోసం అయూక్‌లో ఏడుస్తున్నాడు. తల్లి వాణ్ని అయూక్‌లోనే కసిరి, ఇటు తిరిగి వచ్చీరాని స్పానిష్‌లో మాదంతా స్పానిషేనంటోంది. ఆ తల్లులంతా ఎవరనుకున్నారు? ఆ గింజల మీద మోకాళ్లు వేసిన పిల్లలే. బూట్లేసుకున్నవాడు కాగితం పట్టుకుని ఏ భాషని అడిగితే స్పానిషని చెప్పాలి, లేకపోతే పిల్లలకి దెబ్బలు పడతాయి. వాళ్లకి తెలిసిందల్లా అదే.

ఎవోదియోకి నిజం తెలియక కాదు. తెలిసే సంతకం పెట్టాడు: సాన్ ఎలియాస్, బడి పిల్లలు నూట పన్నెండు, అయూక్ మాట్లాడేవాళ్లు సున్నా. ఫిబ్రవరిలో లెయోబార్దాకి ఉత్తరం వచ్చింది. అయూక్ బడి రద్దు. ఆమెకి సముద్రం ఒడ్డు ఊళ్లకి బదిలీ. అక్కడి జనం భాష ఆమెకి ముక్క రాదు. పుస్తకాలూ, బడి ముద్రా, తాళాలూ తీసుకోవడానికి ఇన్‌స్పెక్టరు గారు గురువారం స్వయంగా విచ్చేస్తున్నారు.

ఆదివారం ఊరి సభ పెట్టాం. మా దగ్గర సభంటే చివరి మనిషి మాట్లాడేదాకా ఎవరూ లేవరు. ఆ ఏడాది ఊరి పెద్ద మెలెసియో. మంచివాడే, కానీ కాగితాల పిచ్చి. నాలుగు అర్జీలు పెట్టాం కదా, ఐదోది పెడదామన్నాడు. వెనక నుంచి ఎవడో, ఐదోదానికైనా కాస్త మెత్తటి కాగితం వాడు, వాళ్లకి తుడుచుకోడానికి పనికొస్తుందన్నాడు. ఆ నవ్వులు ఆగకముందే తగువు మొదలైంది. మగాళ్లు ఆడవాళ్ల మీద పడ్డారు: మీ నోటి దూల వల్లే బడి పోయింది, సున్నా వేయించింది మీరేనని. ఆడవాళ్లు, సర్వేవాళ్లు వచ్చినప్పుడు మీరెక్కడ తాగి పడున్నారని ఎదురు తిరిగారు. మంచి చెడ్డా తిట్లన్నీ అయ్యాక హొనొరీన అత్త లేచింది. అత్తంటే అందరికీ అత్తే. డెబ్భైకి దగ్గరపడింది, పులిసిన చెరకు పానకం అమ్ముకుంటుంది, ఊళ్లో ఆమెకి భయపడనివాడు లేడు.

"నేనూ అబద్ధం చెప్పాను," అంది. "నాకు స్పానిష్‌లో ఇరవై మాటలు రావు. అయినా చెప్పాను. ఇంక ఎవరి మీదా పడి ఏడవకండి. గురువారం ఒక్కరోజు ఈ ఊరు నిజం చెప్పాలి. వాడు వచ్చినకాణ్నించి పోయేదాకా ఎవరి నోటా ఒక్క స్పానిష్ ముక్క రాకూడదు. కుక్కని అదిలించినా సరే, మన మాటలోనే అదిలించాలి."

ఆ ఏడాది ఊరి కావలివాళ్లకి నాయకుణ్ని నేను. జీతం లేని పని, మా ఊళ్లో ప్రతివాడికీ వంతు వస్తుంది. సంకెళ్లూ, గదుల తాళాలూ నా నడుముకే వేలాడుతుంటాయి. నాకు ఆ ముసలామె మాట చప్పగా తోచింది. నాకు మాటలొద్దత్తా, కొడవలి చాలన్నాను.

"కొడవలైతే నువ్వొక్కడివే నరుకుతావురా క్రిసోఫోరో," అంది. "మేమంతా ఏం చెయ్యాలి, నీ మొహం చూస్తూ కూర్చోవాలా? నీకొక్కడికేనా వాడి బాకీ? నా మోకాళ్లు చూపించమంటావా?"

నిజంగానే చూపించింది. లంగా అంచు ఎత్తి, సభ మధ్యలో. ఆమెని కొట్టిన పంతులు వేరు, ఎవోదియోకి ముందువాడు. మచ్చలు మాత్రం అవే. నేను తల దించుకున్నాను. అయినా మొండితనం పోలేదు. సరే, అందరూ అయూక్‌లోనే మాట్లాడండి, నాకొక్కడికి ఒకే ఒక్క వాక్యం స్పానిష్‌లో వదిలెయ్యండి, నలభై ఏళ్ల నుంచి దాచుకున్నానని అడిగాను. సభ చేతులెత్తించింది. నా వైపు లేచినవి పదకొండు చేతులు. లెయోబార్దా కూడా ఎత్తలేదు. ఆ వాక్యం నీది కాదు మామా, మనందరిదీ, దానికి రోజు వస్తుందంది. స్పానిష్ మాట్లాడినవాళ్లు మూడేళ్లు వరసగా ఊరి సేవ చెయ్యాలని, పంతులు ఒంటి మీద ఎవరి చెయ్యీ పడకూడదని తీర్మానించారు. బుధవారం మా మొక్కు ప్రకారం కొండ మీదకెళ్లి, దేవదారు పుల్లలు లెక్కగా కట్టలు కట్టి పరిచి, వాటి మీద కోడిని కోశాం. ఆ నెత్తురు ఎవరిది అనుకుని కోశానో కొండకి తెలుసు.

గురువారం పది గంటలకి జీపు వచ్చింది. దిగినవాడికి జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది, గొంతు మాత్రం అదే. బాస్కెట్‌బాల్ ఆడే మైదానంలో మూడొందల మందిమి నిలబడ్డాం, బ్యాండువాళ్లు బాకాలతో సహా. తనకి స్వాగతం అనుకుని ఎవోదియో చెయ్యి ఊపాడు. బాకాలు లేవలేదు. ఉత్తర్వు చదివాడు. సందేహాలున్నాయా అన్నాడు. మెలెసియో అధికార దండం పట్టుకుని ముందుకొచ్చి, నాలుగు అర్జీల్లో ఏమేం రాశాడో అదంతా అయూక్‌లో అరగంట సేపు చెప్పాడు. ఎవోదియో నవ్వాడు.

"నాటకాలెందుకు మెలెసియో? నీకు స్పానిష్ నేర్పింది నేనే కదా," అన్నాడు.

మెలెసియో మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు, ఇంకాస్త నిదానంగా. జీపు వెనక మావాళ్లు రెండు దుంగలు అడ్డం దొర్లించారు. డ్రైవరుకి దారి చూపిస్తే బతుకుజీవుడా అనుకుంటూ నడిచి వెళ్లిపోయాడు. ఎవోదియోని మైదానం మధ్య కుర్చీలో కూర్చోబెట్టి సభ మొదలుపెట్టాం. ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. చేలల్లో పడ్డ కష్టం, బడికి మోసిన ఇటుకలు, తిన్న దెబ్బలు, అన్నీ. ఆరేళ్ల పిల్లలు వచ్చి నీ పేరేంటి తాతా అని అయూక్‌లో అడిగారు. ఆయన స్పానిష్‌లో ఏదో అంటే ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. వాళ్లది నాటకం కాదు, నిజంగానే వాళ్లకి అర్థం కాలేదు. మధ్యాహ్నం చిక్కుడు పప్పు పెట్టిన మొక్కజొన్న ముద్దలు, కాఫీ పెట్టాం. రెండు గ్లాసుల కాఫీ తాగాడు.

మూడింటికి ఆయనకి అవసరం పడింది. మరుగుదొడ్డి పంచాయతీ ఆఫీసు వెనక ఉంది, తాళం నా నడుముకుంది. నన్ను అడిగాడు. నేను ఆకాశం చూశాను. మళ్లీ అడిగాడు, ఈసారి దయచేసి అని కలిపాడు. చివరికి లెయోబార్దా వైపు తిరిగి, నేను నీ పై అధికారిని, వీళ్లకి చెప్పు అన్నాడు. ఆ పిల్లకి ఆయనకంటే మంచి స్పానిష్ వచ్చు. ఆమె తరగతిలో నిలబడ్డట్టే నిలబడి, అవసరం పడింది, వెళ్లనివ్వండి అనే మాటని అయూక్‌లో విడదీసి, నెమ్మదిగా పలికింది. అని, నువ్వు అను అన్నట్టు చెయ్యి చూపి ఆగింది. ఆమె మొహంలో కోపం లేదు. నాకు దానికే కోపం వచ్చింది.

ఎవోదియో అనలేదు. గంట సేపు అనలేదు. కుర్చీలో అటూ ఇటూ జరిగాడు, చెమటలు పట్టాయి, మోకాళ్లు దగ్గరికి నొక్కుకున్నాడు. మూడొందల మంది చప్పుడు లేకుండా చూస్తున్నారు. ఒక్కరూ నవ్వలేదు. అనకూడదు, అనకుండా అలాగే తడుపుకోవాలి, నా కళ్లముందు తడుపుకోవాలి అని నేను కొండనీ, కోడినీ, కన్య మరియమ్మనీ అందరినీ కలిపి మొక్కుకున్నాను. దాచడం ఎందుకు? అంతకంటే పెద్ద కోరిక ఆ క్షణాన నాకింకొకటి లేదు. కానీ అన్నాడు. మొదటిసారి తప్పు పలికాడు. లెయోబార్దా సరిచేసింది. మూడోసారికి సరిగ్గా వచ్చింది. నేను తాళం తీశాను.

దొడ్డి దగ్గర మేమిద్దరమే. బయటికొచ్చి చొక్కా సర్దుకుంటూ నా కళ్లల్లోకి చూసి, "నువ్వు తెలివైనవాడిలా ఉన్నావు, నీకు స్పానిష్ వచ్చని నీ కళ్లు చెబుతున్నాయి. వీళ్లకి నచ్చచెప్పు," అన్నాడు. వినేవాడు లేడు. మూడేళ్ల సేవ కాదు, ముప్ఫై ఏళ్లయినా చేసేవాణ్ని. వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. గోడకి అవతల హొనొరీన అత్త పిల్లల్ని వరసలో నిలబెడుతూ కసురుకుంటున్న గొంతు వినిపించింది. నాలుక కొరుక్కున్నాను. మాటవరసకి అనడం లేదు, నెత్తురొచ్చింది. ఆయన్ని మళ్లీ కుర్చీ దగ్గరికి నడిపించాను.

ఆరింటికి మూడు లారీల పోలీసులు వచ్చారు. ఎవోదియో ఒంటి మీద గీత కూడా లేదు. మా మీద మాత్రం లాఠీలు విరిగాయి. మెలెసియో చెయ్యి విరిచారు. హొనొరీన అత్తతో సహా ఇరవై ముగ్గురిని లారీ ఎక్కించారు. లారీ కదిలేటప్పుడు బ్యాండు వాయించడం మొదలుపెట్టింది, మలుపు దాటేదాకా వినిపించింది.

జిల్లా కోర్టులో గుమాస్తా పేరడిగితే మెలెసియో అయూక్‌లో జవాబు చెప్పాడు. తర్వాతివాడూ అంతే. ఇరవై ముగ్గురం అంతే. మీకు స్పానిష్ వచ్చని అందరికీ తెలుసని జడ్జి బల్ల గుద్దాడు. ఆ మాట మీ కేసు కాగితాల్లో ఎక్కడుందని ఉపాధ్యాయ సంఘం పంపిన లాయరమ్మ అడిగింది. మన భాషని స్పానిష్‌లోకి తిప్పి చెప్పేవాడు పక్కన లేకుండా విచారణ జరపకూడదని చట్టంలోనే ఉంది. ఆ కోర్టులో అలాంటివాడే లేడు, వెతికి పట్టుకొచ్చేసరికి ఐదు రోజులు పట్టింది. అవతలి కొండవాలు ఊళ్లో కాఫీ కొనే మనిషిని తెచ్చారు. ఆ ఐదు రోజులూ లాకప్పులో హొనొరీన అత్త మమ్మల్ని ఒక్క స్పానిష్ మాట అననివ్వలేదు, నీళ్లు అడిగినా సరే.

విచారణ రోజు ఎవోదియో ఫిర్యాదు చదివారు. ఆయన కొత్త కోటు వేసుకొచ్చాడు. ఫిర్యాదులో ఇలా ఉంది: నన్ను ఎనిమిది గంటలు మూడు వందల మంది చుట్టుముట్టారు, ఆరేళ్ల పిల్లలతో సహా ఒక్కరు కూడా ఒక్క స్పానిష్ పదం మాట్లాడలేదు, వాళ్ల అయూక్ భాషలో నన్ను ఏమన్నారో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. లాయరమ్మ ఆ కాగితం పక్కనే అక్టోబరు సర్వే కాగితం పెట్టింది. అయూక్ మాట్లాడేవాళ్లు సున్నా. రెండింటి కిందా ఒకటే సంతకం. వీటిలో ఏది అబద్ధమో మీరే చెప్పండి ఇన్‌స్పెక్టరు గారూ అని అడిగింది. ఎవోదియో జడ్జి వైపు చూశాడు. జడ్జి కాగితాల వైపు చూశాడు. ఆ చూపుల్ని ఇప్పటికీ తలుచుకుని తలుచుకుని ఆనందిస్తుంటాను.

నా వంతు వచ్చింది. నా వాక్యాన్ని నేను అయూక్‌లోనే చెప్పాను. పది రకాలుగా స్పానిష్‌లో సానపట్టుకున్నదాన్ని, అమ్మ మాట్లాడినట్టు మామూలుగా చెప్పాను. గింజలు, మూల, దుప్పటి, అన్నీ చెప్పాను. నాకా మాట తెలిసీ లేవలేదని కూడా చెప్పాను. కాఫీ కొనే మనిషి ఒక్కో ముక్కా స్పానిష్‌లోకి మార్చాడు, మధ్యలో రెండుసార్లు ఆగి కళ్లు తుడుచుకున్నాడు. గుమాస్తా రాసుకున్నాడు. నా తమ్ముడి పేరు మొదటిసారి ప్రభుత్వం కాగితం మీదకెక్కింది. ఎవోదియో మొహం చూస్తూనే ఉన్నాను. ఆయన నుదురు చిట్లించాడు.

"ఏ రుఫీనో?" అన్నాడు. "నాకు గుర్తు లేదు."

నిజమే చెప్పాడు. అంత మందిని మోకాళ్లు వేయించినవాడికి ఒక్కడెలా గుర్తుంటాడు? అప్పటిదాకా నా పగకి ఒక మొహం ఉండేది. ఆ రోజు నుంచి దానికి ఆఫీసులు, ఫారాలు, సంతకాలు, బదిలీ ఉత్తర్వులు అన్నీ చేరాయి. పగ చల్లారలేదు. పెద్దదైంది.

బడి రద్దు ఉత్తర్వుని ఆపేశారు. లెయోబార్దా మా బడిలోనే ఉంది. ఎవోదియో సన్మానాలు చేయించుకుని రిటైరయ్యాడు, ఫించను తింటున్నాడు. ఇరవై ఒక్క మందిని వదిలేసి, ప్రభుత్వ అధికారిని నిర్బంధించారని మెలెసియోకీ నాకూ నాలుగేళ్లు వేశారు. ఇప్పుడు పన్నెండు ఊళ్లు సభలు పెట్టి, ఏ సర్వేవాడు వచ్చినా అయూక్‌లో తప్ప జవాబివ్వకూడదని తీర్మానించాయి. మీరు పక్క ఊళ్ల నుంచి ఇవాళ ములాఖాత్‌కి వచ్చి నాలుగేళ్లూ ఎలా గడుపుతావు మామా అని జాలిగా అడుగుతున్నారు. జాలి మీ దగ్గరే పెట్టుకుని ఇది వినండి.

ఈ జైల్లో మా కొండలవాళ్లు మేం కాక పన్నెండు మంది ఉన్నారు. ఒకతను తొమ్మిదేళ్ల నుంచి ఉన్నాడు. ఎందుకు పట్టుకొచ్చారో అతనికి తెలియదు. విచారణంతా స్పానిష్‌లో జరిగింది, చివర్లో తల ఊపమంటే ఊపాడు. ఏ నేరానికి తల ఊపాడో నేనూ మెలెసియో కాగితాలు తెప్పించి చదివి అయూక్‌లో చెబితే, ఆ ఊళ్లో నేనెప్పుడూ అడుగే పెట్టలేదే అన్నాడు. మిగతావాళ్ల కథలూ దాదాపు అంతే. పోయిన ఆదివారం యార్డులో మేం పద్నాలుగు మందిమి సభ పెట్టాం. చివరి మనిషి మాట్లాడేదాకా ఎవరూ లేవలేదు.

సోమవారం పొద్దున హాజరు పిలిచినప్పుడు మెలెసియో అయూక్‌లో పలికాడు. వార్డెను లాఠీ ఎత్తాడు. రెండోవాడు నేను, అయూక్‌లో పలికాను. పద్నాలుగు మందిమీ పలికాం. దెబ్బలు పడ్డాయి, ఇదిగో ఈ చెవి చూడండి. జాబితాలో తర్వాతి పేరు వేరే జాతివాడిది, ఒక జపొతెక్ మనిషిది. అతనితో మేం సభలో మాట్లాడలేదు, ఏమీ అనుకోలేదు, అతని భాష మాకు రాదు, మా భాష అతనికి రాదు. వార్డెను అతని పేరు పిలిచాడు. అతను నోట్లో ఉన్నది ఉమ్మేసి, ఒక అడుగు ముందుకేసి, జపొతెక్‌లో జవాబు చెప్పాడు.